‘అవుతుందండి’ అన్న పూట

మొన్న ఆదివారం పొద్దున రెండో కాఫీ చేతిలో ఉండగానే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు ఫోన్ చేయడం వింతేమీ కాదు, అప్పుడప్పుడూ చేస్తాడు, నా మోకాళ్ళ సంగతీ అత్తయ్య బీపీ సంగతీ అడుగుతాడు. కానీ ఆదివారం పొద్దున చేశాడంటే ఏదో పనుండే చేసి ఉంటాడని అప్పుడే అనుకున్నాను. గాజువాక ఆటోనగర్‌లో మా బావా నేనూ కలిసి నడిపిన షెడ్డుకి ఇప్పుడు వాడే యజమాని. షెడ్డు అంటే వాడికి చిన్నతనం, కంపెనీ అనాలి, బోర్డు మీద పేరు చివర ప్రైవేట్ లిమిటెడ్ అని కూడా రాయించాడు. సంగతేమిటంటే, పెద్ద ఫ్యాన్ల బేరింగులకి లోపలి లోహం కొత్తగా పోసి ఇచ్చే పని ఒకటి టెండరుకి వచ్చిందట. అలాంటి పని ఇంతకు ముందు చేసిన అనుభవం ఉన్నవాళ్ళకే ఇస్తామని షరతు పెట్టారట. ఆ రోజుల్లో డ్రాయింగులూ సాంకేతిక వ్యవహారాలూ చూసినవాణ్ణి నేనే కాబట్టి, ఫలానా ఫ్యాక్టరీకి మేం అటువంటి బేరింగులు చేసి ఇచ్చామని ఒక కాగితం రాసి సంతకం పెట్టాలట.

"ఒక్క సంతకం మావయ్యా. నాన్న కూడా అదే అన్నారు, మావయ్యనడుగు, ఆయనకన్నీ గుర్తే అని."

అన్నీ గుర్తే. అందుకే పెట్టనన్నాను. ఆ బేరింగులు మనం ఇవ్వలేదురా అంటే వాడు ముసలివాళ్ళ మతిమరుపుకి నవ్వినట్టు మర్యాదగా నవ్వాడు. ఇవ్వలేదని మళ్ళీ అన్నాను. సరేలే మావయ్యా, తర్వాత మాట్లాడదాం అని పెట్టేశాడు. ఆ కాఫీ నేను తాగలేదు. నాలుగు రోజులుగా ఇంట్లో ఎవరేం అడిగినా విసుక్కుంటున్నానని మా ఆవిడ అంటోంది, నిజమే. కోపం వాడి మీదో, వాళ్ళ నాన్న మీదో, నా మీదో తేల్చుకోలేక కాగితం కలం పట్టుకుని కూర్చున్నాను. నా వయసు వాళ్ళకి, చిన్న చిన్న షెడ్లలో గ్రీజు చేతులతో అన్నం తిన్నవాళ్ళకి, ఇది అర్థమవుతుందని నమ్మకం.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. మా అక్కని మాత్రం ఇక్కడి సంబంధానికే ఇచ్చాడు. బావది విజయనగరం అవతల ఒక వ్యవసాయ కుటుంబం. ఐటీఐలో టర్నర్ పని నేర్చుకుని, ఎవరెవరి దగ్గరో లేత్ మీద పనిచేసి, చివరికి ఆటోనగర్‌లో సొంతంగా ఒక రేకుల షెడ్డు వేసుకున్నాడు. నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, ఒక ఆఫీసులో నాలుగేళ్ళు డ్రాయింగులు గీసి విసుగెత్తి ఉన్న సమయంలో, ఆయన వచ్చి నా దగ్గరికి వచ్చెయ్ బావా అన్నాడు. అక్కడి అలవాటు ప్రకారం ఆయన నన్నూ బావా అనే పిలిచేవాడు, నేనూ ఆయన్ని బావా అనే అనేవాణ్ణి, మమ్మల్ని చూసినవాళ్ళకి ఎవరు ఎవరికి బావో తెలిసేది కాదు. ఒక తేడా మాత్రం ఉండేది, నేను మీరు అనేవాణ్ణి, ఆయన నువ్వు అనేవాడు.

బావ చేతిలో ఉన్న పనితనం నేను చాలా తక్కువ మందిలో చూశాను. లేత్ మీద తిరిగే ముక్కని కొలిచేముందు బొటనవేలితో ఒకసారి తడిమి ఇంకా వెంట్రుకవాసి ఉంది అనేవాడు, కొలిస్తే అంతే ఉండేది. అటువంటి మనిషికి ఒకే ఒక్క జబ్బు ఉండేది, ఎవరు ఏ పని తెచ్చినా కాదనలేకపోవడం. ఫిషింగ్ హార్బరు నుంచి మరబోటు షాఫ్టు వంగిందని వచ్చినా, పంపు బుష్షులు అరిగాయని వచ్చినా, మిల్లువాళ్ళు ఎప్పుడో దేశంకాని దేశంలో తయారైన యంత్రం పట్టుకొచ్చినా ఆయన నోట ఒకటే మాట, సేసీద్దుం. డ్రాయింగు విప్పి చూసేది తర్వాత, తల పట్టుకునేది ఆ తర్వాత. నా ఉద్యోగం నిజానికి ఆ రెంటి మధ్య నిలబడి, ఇది మన వల్ల అవుతుందా కాదా అని చెప్పడం. చెప్పుకోవడానికి చిన్న పని. రోజూ చేస్తే తెలుస్తుంది ఎంత శత్రుత్వం మూటగట్టుకోవచ్చో.

షెడ్డులో మూడో ముఖ్యమైన మనిషి బాబాయి. మాకు చుట్టం కాదు, వయసుని బట్టి అందరం అలా పిలిచేవాళ్ళం. ఊరు భీమిలి. రోజూ మొదటి బస్సెక్కి సిటీలోకి వచ్చి, ఇంకో బస్సు మారి గాజువాక చేరేవాడు, ఒక్క రోజు ఆలస్యంగా వచ్చింది లేదు. వాళ్ళ నాన్న బజారులో ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. నా ఈడు వాళ్ళకి ఆ దృశ్యం చెప్పనక్కర్లేదు, కొలిమి మీద గిన్నె కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క తాకించి గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా వెన్నెల పరుచుకున్నట్టయ్యేది. బాబాయి ఆ విద్యనే యంత్రాలకి వాడేవాడు. బేరింగు అనేది ఇనుప చిప్ప; అది కొబ్బరికాయలా రెండు చిప్పలుగా ఉంటుంది, మధ్యలో షాఫ్టు తిరుగుతుంది. చిప్ప లోపల వైట్ మెటల్ అని మెత్తటి లోహం పోస్తారు, షాఫ్టు గీసుకుపోకుండా. ఆ లోహం ఇనుముకి పట్టాలంటే ముందు కళాయి సరిగ్గా పడాలి. ఆ పట్టు కంటికి కనిపించదు. బాబాయి చేసినవి ఊడిపోయాయని ఎవరూ తిరిగి రాలేదు, కాని అవన్నీ చిన్న పంపుల బేరింగులు, రెండు చేతుల్లో ఇమిడేవి.

ఆ బేరింగుల కథకి ముందు ఇంకో కథ ఉంది, అది చెప్పకపోతే నేనా తప్పు ఎందుకు చేశానో తెలియదు. అంతకు ముందు సంవత్సరం హార్బరు నుంచి ఒక బోటు యజమాని వచ్చాడు. వల లాగే విన్చీలు నూనె ఒత్తిడితో నడిచేవి కొత్తగా వస్తున్నాయి, అవి చెడిపోతే బాగుచేసేవాళ్ళు ఊళ్ళో లేరు, మీరు పట్టండి, మిగతా బోట్లన్నీ నేనే పంపిస్తాను అన్నాడు. బావ ఎప్పటిలాగే సేసీద్దుం అన్నాడు. నేను అడ్డుపడ్డాను. మనకి ఆ పరీక్ష చేసే సామాను లేదు, ఒత్తిడిలో పైపు పగిలితే మనిషి చెయ్యి పోతుంది, తెలియని పనిలో వేలు పెట్టొద్దు అని రెండు రోజులు వాదించి మాన్పించాను. మా ఎదుటి షెడ్డువాడు ఆ పని పట్టాడు. మొదటిది పాడుచేశాడు, రెండోది ఆలస్యం చేశాడు, మూడోదానికి నేర్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి వాడి గుమ్మం ముందు బోటు సామాను వరసలు కట్టి ఉండేది, మా గుమ్మం నుంచి చూస్తే స్పష్టంగా కనిపించేది. బావ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. రోజూ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, అటు చూస్తూ, "మా బావ సదువుకున్నోడు, ఆయనకి బయమెక్కువ" అని పక్కనున్నవాళ్ళతో నవ్వుతూ అనేవాడు. ఆ నవ్వు నాలో ఏడాదిపాటు ఇంకుతూ వచ్చింది.

అలాంటి రోజుల్లో ఊరి పొలిమేరలో ఉన్న ఒక పెద్ద ఫ్యాక్టరీ నుంచి ఇంజనీరు గారొకరు వచ్చారు. కృష్ణా జిల్లా మనిషి, సన్నగా, తెల్ల చొక్కా, మాట నెమ్మది. ఆయన వెనకే వ్యానులో రెండు ఇనుప చిప్పలు దిగాయి. నలుగురు పట్టుకుని దింపారు. ఒక్కో చిప్పలో పసిపిల్లవాణ్ణి పడుకోబెట్టవచ్చు, అంత ఉన్నాయి. ఫ్యాక్టరీ కొలిమిలోకి గాలి ఊదే పెద్ద ఫ్యాను బేరింగుకి స్పేరువి అవి. లోపలి లోహం పాడైంది. మామూలుగా మద్రాసు పంపిస్తారట, ఊళ్ళోనే అయితే బాగుంటుందని వెతుక్కుంటూ వచ్చారు.

ఆయన సూటిగా అడిగారు, ఇంత పెద్దవి ఎప్పుడైనా చేశారా అని. బావ ఇలాంటివి మాకు రోజూ వచ్చేవే అన్నాడు. అప్పటికి బాబాయి చిప్ప పక్కన గొంతుక్కూర్చుని దాని అంచు మీద వేళ్ళు పోనిచ్చి చూస్తున్నాడు. పని చేసేది ఎవరో ఇంజనీరు గారికి ఇట్టే తెలిసిపోయినట్టుంది, బాబాయి వైపు తిరిగి, పెద్దాయనా, మీరు చెప్పండి అన్నారు.

బాబాయి లేవకుండానే తలెత్తి చూశాడు. "నాకు తెల్దు బాబూ. ఇంత పెద్దది నానెప్పుడూ పొయ్యలేదు."

 బావ పెద్దగా నవ్వేసి, పెద్ద వయసు కదండీ, కొత్తదంటే బెదురు అన్నాడు. ఇంజనీరు గారు నవ్వలేదు. నా వైపు చూసి, మీరు డిప్లొమా చదివారట కదా, మీరేమంటారు అని అడిగారు. అడిగి ఊరుకున్నారు. తొందరపెట్టలేదు, గడియారం చూసుకోలేదు, నేనేం చెబుతానో వినడానికి నిజంగా ఎదురుచూశారు. నాకు తెలుసు, చిప్ప పెద్దదయ్యేకొద్దీ వేడి అంతటా సమంగా ఎక్కించడం కష్టమని పుస్తకంలో చదివే ఉన్నాను, మా దగ్గర ఉన్నది చిన్న కొలిమి అనీ తెలుసు. కాని ఆయన భుజం మీదుగా నాకు ఎదుటి షెడ్డు కనిపిస్తోంది, దాని ముందు విన్చీల వరస కనిపిస్తోంది, బావ పెదవి మీద ఆ నవ్వు మొదలవడమూ కనిపిస్తోంది.

"అవుతుందండి," అన్నాను.

ఎన్ని రోజులు పడుతుందన్నారు. మూడు వారాలన్నాను. అది కూడా నేనే అన్నాను, బావ అనలేదు. ఎక్కడి నుంచి వచ్చింది ఆ లెక్క అంటే ఈ రోజుకీ చెప్పలేను.

వ్యాను వెళ్ళిపోగానే బావ బాబాయి మీద విరుచుకుపడ్డాడు. పని తెచ్చిన పార్టీ ముందు తెల్దనీసేవు, నా షెడ్డు పరువు తీసేవు, ఇన్నాళ్ళూ నీకు పెట్టిన తిండి ఏమైందన్నాడు. ఆ ఆఖరి మాట అనకుండా ఉండవలసింది. బాబాయి చిప్ప పక్కనుంచి లేచాడు. నూనె చేతులు రంపపు పొట్టుతో రుద్దుకుని, కడుక్కుని, మేకుకి తగిలించిన సంచీ తీసుకుని బస్సు స్టాపు వైపు నడిచాడు. నేను గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. పిలవవచ్చు. ఆయన తెల్దన్న మాటే నిజమని, అబద్ధం ఆడింది నేనని అక్కడే నలుగురిలో చెప్పవచ్చు. చెప్పకపోగా, లోపలికి వచ్చి డ్రాయింగు కాగితం ముందు వేసుకుని ఎంతో పని ఉన్నట్టు కూర్చున్నాను. మర్నాడు బాబాయి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

వస్తాడులే అని మూడు రోజులు చూసి, నాలుగో రోజు బావ తనే పనికి దిగాడు. చిప్పలు తోమించాడు, కొలిమి పెద్దది చేయించాడు, రెండు గ్యాస్ బర్నర్లు అదనంగా పెట్టించాడు. నేను లోహం పోసే పద్ధతి ఉన్న ఒక పాత కరపత్రం దొరికించుకుని గట్టిగా చదువుతూ ఉంటే ఆయన విన్నట్టే తలూపుతూ తన ఇష్టం వచ్చినట్టు చేశాడు. ఆయన్ని అనడం కాదు, చదివిన నాకూ దాని అర్థం పూర్తిగా తెలియదు. మొదటి రోజు కళాయి సరిగ్గా పడక గీకేశాం, అలా మళ్ళీ మళ్ళీ చేస్తూ రెండు వారాలు పోయాయి. చివరికి రెండు చిప్పల్లోనూ లోహం పోశాం. చల్లారాక చూస్తే అద్దంలా ఉన్నాయి. బావ నా భుజం మీద కొట్టి, "ఏటి బావా, అవదన్నాడు బాబాయి" అన్నాడు. ఆ క్షణాన నాకూ సంతోషమే కలిగింది, దాచడమెందుకు.

పట్టు తెలుసుకోవడానికి బాబాయి ఎప్పుడూ చేసే పరీక్ష ఒకటుండేది. చిప్పని కిరసనాయిల్లో నానబెట్టి, తీసి పొడిగా తుడిచి, ఇనుమూ లోహమూ కలిసే అంచు పొడుగునా తడిపిన సుద్ద పూయడం. లోపల ఎక్కడైనా పట్టు విడిపోయి ఉంటే ఆ సందులో దూరిన కిరసనాయిలు మెల్లగా బయటికి ఊరి, తెల్లటి సుద్ద మీద చెమ్మ గీత కనిపిస్తుంది. మర్నాడు పొద్దున నేనే చేశాను. మొదటి చిప్ప పొడిగానే ఉంది. రెండోదాని మీద కాసేపటికి ఒక పక్క జానెడు మేర చెమ్మ తేలింది. సుత్తితో తట్టి చూశాను, బీట పడిన కుండని తట్టినట్టు మోగింది.

బావకి చూపించాను. ఆయన వంగి చూసి, వేలితో తుడిచి, మళ్ళీ చూశాడు.

"జానెడే కద బావా. ఆ పక్కకి బరువు పడదు," అన్నాడు.

పడుతుందో లేదో మనకి తెలియదన్నాను. ఊడితే ఆ లోహం కరిగిపోయి, షాఫ్టు కిందికి దిగుతుంది, అంత ఫ్యాను అంత వేగంలో ఉన్నప్పుడు పక్కన మనుషులుంటారు అన్నాను. బావ గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఇది చదివేవాళ్ళు అలా అనుకుంటే నేను సరిగ్గా రాయనట్టే. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు పరిగెత్తేవాడు. కాని సోమవారానికి ఇస్తామన్నాం, వీటిని బిగించడానికి ఆ రోజు వాళ్ళు ఫ్యాను ఆపుతారు, ఆయన మనసంతా ఆ సోమవారం చుట్టూనే తిరుగుతోంది. "మాటిచ్చీసేం బావా," అన్నాడు చివరికి. "నాను ఎల్లి రెడీ అయిందని సెప్పీసి వొస్తాను. నువ్వు సిప్పల్ని లేత్ ఎక్కించు, కొలతకి కోసీద్దుం." చెప్పి మోటారు సైకిలు మీద వెళ్ళిపోయాడు.

అప్పుడు నేను చేసిన పని నా జీవితంలో ఆలోచించకుండా చేసిన ఒకే ఒక్క పని. ఆలోచిస్తే లేత్ ఎక్కించేవాణ్ణేమో. మధ్యాహ్నం భోజనాలకి అందరూ బయటికి వెళ్ళారు. నేను గ్యాస్ టార్చి వెలిగించి, ఆ చిప్పని ట్రే మీదికి వాల్చి, వెనక నుంచి కాల్చడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆ అద్దం లాంటి లోహం మెరుపు పోయి, మైనంలా జారి, ట్రేలోకి చుక్కలు చుక్కలుగా, ఆ తర్వాత ధారగా పడింది. పట్టు లేని జానెడు చోట ముందే రేకులా ఊడి వచ్చింది. దాని కింద ఇనుము నల్లగా ఉంది, కళాయి అసలు అంటనే లేదు. అది చూశాక అంచుల్లో మిగిలినది కూడా కరిగించేశాను. కనీసం ఈ ఒక్కటీ పొరపాటు కాదని తెలిసింది.

బావ తిరిగొచ్చి ట్రే చూశాడు. "ఏటి సేసావ్ బావా," అన్నాడు, గొంతు లేవలేదు. స్టూలు మీద కూర్చున్నాడు. "నా నోటితో నాను సెప్పొచ్చేను. ఇప్పుడే సెప్పొచ్చేను." అంతే. ఆ తర్వాత ఆరు నెలలు నాతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. మా అక్క రెండిళ్ళ మధ్య తిరిగి తిరిగి అలసిపోయింది.

ఫ్యాక్టరీకి నేనే వెళ్ళాను. రెండు బస్సులు మారి వెళుతూ దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను, ఆయన ఎదుట నిలబడ్డాక అవన్నీ పక్కన పెట్టేశాను. మాకు చేతకాలేదండి అన్నాను. ఇంజనీరు గారు కేకలు వేస్తారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆ రోజు ఆ పెద్దాయన చెప్పిన మాటే మీరూ చెప్పి ఉంటే నేను మీకు రెండు నెలలు ఇచ్చి ఉండేవాణ్ణి. అప్పుడు నాకు తొందరేం లేదు. మీరు మూడు వారాలన్నారు కాబట్టి ఆ తేదీ పట్టుకుని ఫ్యాను ఆపడానికి పైవాళ్ళకి రాశాను," అన్నారు. అన్నాక ఇంకేం లేదన్నట్టు కాగితాలు ముందుకి లాక్కున్నారు. మర్నాడు వాళ్ళ వ్యాను వచ్చి రెండు చిప్పల్నీ మద్రాసు పంపడానికి తీసుకుపోయింది. రెండు నెలలు! ఆ గడువు మా గుమ్మంలోకి నడిచొచ్చి నిలబడింది, నేనే దాన్ని మూడు వారాలకి కోసేశాను.

ఆ వారమే భీమిలి వెళ్ళాను. బస్సు రుషికొండ దాటాక ఒక పక్క సముద్రం, ఒక పక్క జీడితోటలు, అప్పుడక్కడ ఈ భవనాలేవీ లేవు. బాబాయి ఇల్లు సముద్రపు ఒడ్డుకి రెండు వీధుల ఇవతల. అరుగు మీద కూర్చుని ఎవరిదో లాంతరుకి మాటు వేస్తున్నాడు. నన్ను చూసి పీట చూపించి, లోపలికి మంచినీళ్ళకి కేక వేశాడు. జరిగిందంతా చెప్పాను. మీరు తెలియదన్నారు కదా, మేమే వినలేదు అన్నాను, క్షమాపణలాగా. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తెల్దన్నాను బాబూ. అవదన్నానా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన మాటు వేస్తూనే చెప్పాడు. షెడ్డు నుంచి వచ్చేసిన మర్నాడే ఓడల రిపేరు దగ్గర పనిచేసి విరమించిన తన పాత స్నేహితుడొకడి దగ్గరికి వెళ్ళాడట. అంత పెద్ద చిప్పకి వేడి ఎలా ఎక్కించాలి, ఇటుకల పెట్టె ఎలా కట్టాలి, పోశాక ముందు అడుగు నుంచి నీళ్ళు చిమ్మి ఎలా చల్లార్చాలి, అన్నీ రెండు రోజులు కూర్చుని అడిగి తెలుసుకున్నాడట. "నాలుగో రోజు వొచ్చేను. ఈది మొగన నిలబడి సూసేను. మీరప్పటికే పొయ్యి ముట్టించీసినారు. మరేటి సెప్తాను, ఎల్లిపోనాను."

వీధి మొగదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు. ఒక్క ఇరవై అడుగులు. తెల్దు అన్న మాట విన్నాక మాలో ఎవరైనా, మరి ఎలా తెలుసుకోవాలి బాబాయీ అని అడిగి ఉంటే ఆ ఇరవై అడుగుల దూరం ఉండేదే కాదు. బావ వద్దనడం చేతకానివాడు, నేను ముందు భయపడి వద్దన్నాను, తర్వాత సిగ్గుపడి అవునన్నాను. అటు అవునుకీ ఇటు కాదుకీ మధ్య ఇంకో మాట ఉందని మా ఇద్దరికీ తోచలేదు. ఒక్క బాబాయికి తోచింది, ఆయన్ని తిండి మాట అని పంపేశాం.

తర్వాత జరిగింది చెప్పేస్తాను. మా అక్క స్వయంగా భీమిలి వెళ్ళి బ్రతిమాలితే బాబాయి తిరిగి వచ్చాడు. బావ ఆయనకి ఎదురెళ్ళి సంచీ అందుకున్నాడు, క్షమించమని అనలేదు గాని సంచీ మాత్రం తనే మేకుకి తగిలించాడు. నెల రోజుల తర్వాత బాబాయి పట్టుబట్టి, అంతే కొలతలో ఒక పాత పైపు ముక్కని రెండుగా కోయించి, ఇటుకల పెట్టె కట్టి, తను తెలుసుకున్న పద్ధతిలో లోహం పోశాడు. సుద్ద పూశాం. మర్నాటి దాకా ఆరనిచ్చినా చెమ్మ తేలలేదు. తట్టితే కంచు పళ్ళెంలా మోగింది. నేను ఇంజనీరు గారిని బ్రతిమాలి తీసుకొచ్చాను. ఆయన తట్టి చూశారు, బాబాయి చెయ్యి పట్టుకుని అభినందించారు, చాలా బాగుందన్నారు. కాని అప్పటికే వాళ్ళ పైవాళ్ళు ఆ బేరింగులన్నీ మద్రాసు వాళ్ళకే ఏటేటా ఇచ్చేలా ఒప్పందం రాసిచ్చేశారట. మాకు పని చేయడం వచ్చింది, పని చేయమని అడిగేవాళ్ళు పోయారు. ఆ పైపు చిప్పలు చాలాకాలం షెడ్డు మూల పడి ఉండేవి, కాపలావాడి కుక్క ఒకదానిలో ముడుచుకుని పడుకునేది. బాబాయి పని మానేసి వెళ్ళేదాకా అంత పెద్ద బేరింగు మా గుమ్మం మళ్ళీ ఎక్కలేదు. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించేది మేనల్లుడి ఫోను కూడా కాదు. ఆ ఆదివారం సాయంత్రమే ఉండబట్టలేక బావకి ఫోన్ చేశాను. ఆయనకి ఇప్పుడు చూపు మందగించింది, వినికిడి బాగానే ఉంది. మనం ఇవ్వని బేరింగు ఇచ్చామని కుర్రాడితో ఎందుకన్నారు బావా అని అడిగాను. ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఇచ్చేం కద బావా. బాబాయి పోసేడు, ఇంజనీరు గారొచ్చి తట్టి సూసి సెయ్యి పట్టుకున్నారు. నీకు గుర్తు లేదేటి?" అన్నాడు. అబద్ధం కాదు. గొంతులో తెలుస్తుంది. ఆయన జ్ఞాపకంలో ఆ పైపు ముక్క బేరింగైపోయింది. నేను కరిగించిన చిప్ప, ట్రేలో చుక్కలు, స్టూలు మీద తను కూర్చోవడం, మాట్లాడకుండా ఉన్న ఆరు నెలలు, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఇంక ఎవరితో వాదించను? జరిగింది జరిగినట్టు ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను, నాకేమో మతిమరుపు వచ్చిందని అనుకుంటున్నారు.

మేనల్లుడు తెలివితక్కువవాడు కాదు. వాడి చేతిలో నాకు లేని యంత్రాలున్నాయి, కంప్యూటరు చెప్పినట్టు కోసేవి. కాని వాడు తర్వాత నా ఫోనుకి పంపిన టెండరు ఫారం పైకీ కిందికీ జరుపుతూ అంతా చదివాను. ఈ పని మునుపు చేశారా అన్నచోట అవును, కాదు అని రెండే గడులున్నాయి. అవును నొక్కితే కాగితం జతచేయమంటుంది, కాదు నొక్కితే అక్కడితో సరి, తర్వాతి పేజీ తెరుచుకోదు. పని పంచేవాడు షెడ్డు చూడడు, కొలిమి చూడడు, చిప్ప పక్కన గొంతుక్కూర్చున్న మనిషిని పెద్దాయనా అని పలకరించడు. మావాడూ వాళ్ళ ముఖం చూడడు. పని దక్కాక ఇంకొకరికి ఇస్తాడు, వాళ్ళు మరొకరికి ఇస్తారు, చివరికి ఎక్కడో ఎవడో ఒకడు మొదటిసారి ఆ చిప్ప ముందు నిలబడి తెల్దు అనుకుంటాడు, ఆ మాట చెప్పడానికి వాడి దగ్గర ఎవరూ ఉండరు.

మా కాలం గొప్పదని నేననను, మా కాలంలోనే కదా నేను అవుతుందండి అన్నాను. కాని ఆ రోజు ఒక పెద్దమనిషి ఎండలో రేకుల షెడ్డులో నా ఎదుట నిలబడి, నన్నొక ప్రశ్న అడిగి, జవాబు కోసం అర నిమిషం ఆగాడు. రెండు నెలల గడువు చేతిలో పెట్టుకుని ఆగాడు. ఆ అర నిమిషాన్ని నేను పాడుచేసుకున్నాను. ఇప్పటి పిల్లలకి పాడుచేసుకోవడానికైనా అది దొరకడం లేదు.